బైబిల్‌ను సాహిత్యంగా చదవాలంటే: మొదటి పేజీ నుంచి కాదు, ఒక కథ నుంచి మొదలుపెట్టండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: "నేను క్రైస్తవుణ్ణి కాను. ఇంగ్లిష్ నవలలు చదువుతుంటే అడుగడుగునా బైబిల్ తగులుతోంది. అందుకని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. ఆదికాండం బాగానే నడిచింది. నిర్గమకాండం సగం నుంచి బరువెక్కింది. లేవీయకాండంలో బలుల వివరాల దగ్గర ఆగిపోయాను. ఏ అనువాదం చదవాలి? వ్యాఖ్యానం కొనాలా? దీని మీద వచ్చిన నవలలు ముందు చదవాలా, తర్వాత చదవాలా? అసలు నమ్మకం లేకుండా చదవడం తప్పా?"

ముందు చివరి ప్రశ్న. తప్పు కాదు. పోతన భాగవతం చదివేవాణ్ణి మీరు వైష్ణవులేనా అని ఎవరూ అడగరు. గజేంద్రమోక్షం పద్యాలు పైకి చదువుతుంటే గొంతు పట్టేయడానికి భక్తే ఉండాలనీ లేదు. బైబిల్ కూడా అంతే. ఇంకొకరికి అది ప్రాణంతో సమానం అన్న సంగతి మనసులో పెట్టుకుని, చేతులు కడుక్కుని పుస్తకం పట్టుకున్నట్టు చదవండి, చాలు.

నేను డిగ్రీ కాలేజీలో ఇంగ్లిష్ చెప్పి రిటైరయ్యాను. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే ఏదెను తోట కథ మీద కావ్యం రాసిన మిల్టన్ పాఠం నా మీద పడింది. మా ఇంట్లో బైబిల్ లేదు. స్టాఫ్ రూములో నా పక్క కుర్చీ మేడం వాళ్ళ నాన్నగారు పాస్టరుగా చేసి పోయారు. ఆవిడ ఆయన బైబిల్ తెచ్చి నా చేతిలో పెట్టారు. నల్ల అట్ట, ఎర్ర అంచు, పేజీల పక్కన సన్నటి పెన్సిల్ రాతలు. కొన్నిచోట్ల మాటలు లేవు, ప్రశ్నార్థకం ఒక్కటే ఉంది. నలభై ఏళ్ళు ప్రతి ఆదివారం ఆ పుస్తకం మీద ప్రసంగం చేసిన మనిషికి కూడా ప్రశ్నలు మిగిలాయన్నమాట. ఆ ప్రశ్నార్థకాల వెంట పోతూ పోతూ నేను చదవడం నేర్చుకున్నాను. మీకు చెప్పబోయేది కూడా ఆ దారే.

మీరు ఆగిపోవడంలో మీ లోపం ఏమీ లేదు. బైబిల్ ఒక పుస్తకం కాదు, పుస్తకాల అర. ప్రొటెస్టెంట్ల లెక్కలో 66, కథోలికుల లెక్కలో 73. కథలు, చట్టాలు, వంశావళులు, పాటలు, సామెతలు, ఉత్తరాలు అన్నీ ఒకే అట్టలో కుట్టేశారు. లైబ్రరీలో అర మొదటి నుంచి చివరిదాకా వరసగా ఎవరూ చదవరు కదా. ఒక కథ తీసుకోండి. దాన్ని రెండు మూడు అనువాదాల్లో చదవండి. తర్వాత పాత వ్యాఖ్యాతలు దాని గురించి ఏమన్నారో చూడండి. ఆ తర్వాత రచయితలు దాన్ని ఏం చేశారో చూడండి. బైబిల్ కథ చాలా తక్కువ చెబుతుంది. చెప్పకుండా వదిలేసిన చోట అనువాదకుడు ఒక మాట వెయ్యాల్సి వస్తుంది, వ్యాఖ్యాత ఒక వివరణ ఇవ్వాల్సి వస్తుంది, నవలాకారుడు నాలుగు వందల పేజీలు రాయాల్సి వస్తుంది. ముగ్గురూ చేసేది ఒకే పని.

ఉదాహరణకు ఆదికాండం 22వ అధ్యాయం తీసుకుందాం. అబ్రాహాము కొడుకును బలివ్వడానికి కొండకు తీసుకుపోయిన కథ. మొత్తం 19 వచనాలు. బైబిల్ సొసైటీ వారి పాత గ్రాంథిక అనువాదం, అంటే మన చర్చిల్లో ఇప్పటికీ వినిపించేది, ముందు అందులో చదవండి. పైకి చదవండి.

రెండో వచనంలో దేవుడు అడుగుతాడు: "నీకు ఒక్కడైయున్న నీ కుమారుని, అనగా నీవు ప్రేమించు ఇస్సాకును తీసికొని" మోరీయా దేశానికి వెళ్ళమని. మూలభాష హీబ్రూలో ఇది నాలుగు మెట్లుగా ఉంటుంది: నీ కొడుకును, నీ ఒక్కగానొక్కణ్ణి, నువ్వు ప్రేమించేవాణ్ణి, ఇస్సాకును. పేరు చిట్టచివర పడుతుంది. ఒక్కో మెట్టు దిగుతున్నకొద్దీ వినేవాడి గుండె జారుతుంది. తెలుగు వాక్యం ఆ నాలుగింటిని రెండుగా కలిపేసింది. అది అనువాదకుడి చేతకానితనం కాదు. "నీవు ప్రేమించు" అనే విశేషణం తెలుగులో పేరుకు ముందే రావాలి, దాన్ని ఆనుకునే ఉండాలి. మన భాష నడక అది. కానీ పేరు చివర్లో వచ్చి పడేలా చూసుకున్నారు చూడండి, అక్కడ ఆ అనువాదకుడి చెవి తెలుస్తుంది.

ఇప్పుడు పదకొండో శతాబ్దపు యూదు వ్యాఖ్యాత రాషి దగ్గరకు వెళ్దాం. 1040లో పుట్టి 1105లో పోయాడు, ఫ్రాన్స్‌లో ట్రోయ్ అనే ఊరు. పాత యూదు సంప్రదాయం నుంచి ఒక సంభాషణ తెచ్చి ఆయన ఈ నాలుగు మెట్ల మధ్య పెడతాడు. నీ కొడుకును తీసుకో అంటాడు దేవుడు. నాకు ఇద్దరు కొడుకులున్నారు అంటాడు అబ్రాహాము. ఒక్కగానొక్కణ్ణి అంటాడు దేవుడు. వాళ్ళమ్మకు వాడు ఒక్కడే, వీళ్ళమ్మకు వీడు ఒక్కడే అంటాడు తండ్రి. నువ్వు ప్రేమించేవాణ్ణి. ఇద్దర్నీ ప్రేమిస్తాను. ఇస్సాకును. అక్కడ తప్పించుకునే దారులు అయిపోయాయి. అంతకుముందు అధ్యాయంలోనే ఇష్మాయేలునూ వాడి తల్లి హాగరునూ ఇంట్లోంచి పంపేశారు. ఆ సంగతి గుర్తుంటే "ఒక్కడైయున్న" అన్న మాట ఎంత గుచ్చుకుంటుందో తెలుస్తుంది. ఇదే కథ ముస్లింలకు బక్రీదు పండగ వెనక ఉంది. ఖురాన్‌లో ఆ కొడుకు పేరు చెప్పలేదు, ముస్లింలలో ఎక్కువమంది అతణ్ణి ఇష్మాయేలు అనే చెప్పుకుంటారు. ఒక ఇంటి ఇద్దరు పిల్లల మధ్య మొదలైన ఆ ప్రశ్న అంత దూరం వచ్చింది.

మళ్ళీ తెలుగు పాఠానికి రండి. దేవుడు "అబ్రాహామా" అని పిలిస్తే అతను "చిత్తము ప్రభువా" అంటాడు. దారిలో కొడుకు "నా తండ్రీ" అని పిలిస్తే "ఏమి నా కుమారుడా" అంటాడు. కత్తి ఎత్తాక దూత పిలిస్తే మళ్ళీ "చిత్తము ప్రభువా". హీబ్రూలో ఈ మూడు చోట్లా అబ్రాహాము అనేది ఒకటే మాట: హిన్నేని. "ఇదిగో, ఉన్నాను" అని దగ్గరగా చెప్పొచ్చు. కొడుకును చంపమన్న దేవుడికీ ఆ కొడుకుకూ అతను ఒకే మాటతో పలికాడు. అసలు పాఠంలో కథ బరువంతా ఆ ఒక్క మాట మీద నిలబడి ఉంది. మనకు దేవుడితో మాట్లాడే తీరు వేరు, కొడుకుతో మాట్లాడే తీరు వేరు. ఎవరు పలికినా ఎవరితో పలికినా మర్యాద కొలిచి మాట వేసే భాష మనది. అందుకే ఇక్కడ ఒక మాట రెండయింది. ఈ సంగతి ఇరవై ఏళ్ళు ఆ కథ పాఠంగా చెప్పాక గానీ నా కంటపడలేదు. పడిన రోజు చాలాసేపు ఆ పేజీ మూయలేకపోయాను.

ఇలాంటివి తెలుగు బైబిల్ నిండా ఉన్నాయి. దేవుడు "ఆయన", అబ్రాహాము "అతడు", ఏదెను తోటలో సర్పం "అది". హీబ్రూలో ఈ తేడాలు లేవు. ఆ సర్పం అక్కడ పుంలింగం కూడా. లూకా సువార్తలో ఇల్లు వదిలిపోయిన కొడుకు తిరిగొస్తుంటే, "వాడింక దూరముగా ఉన్నప్పుడు తండ్రి వానిని చూచి" అంటుంది మన అనువాదం. ఆ "వాడు"లో ఊరి చీదరింపూ ఉంది, తండ్రి ముద్దూ ఉంది. సువార్తల మూలభాష గ్రీకులో ఈ రెండూ చెప్పే సర్వనామం లేదు. అక్కడ తెలుగు పోగొట్టుకోలేదు, కొంత సంపాదించుకుంది కూడా.

కథ ముందుకు. తెల్లవారగానే అబ్రాహాము "గాడిదకు గంత కట్టి", పనివాళ్ళిద్దర్నీ కొడుకునూ వెంటబెట్టుకుని, అప్పుడు కట్టెలు చీలుస్తాడు. ముందు చెయ్యాల్సిన పని చివర చేశాడు. అతని మనసు ఎలా ఉందో రచయిత ఒక్క మాట చెప్పలేదు, చేతులు పని చేసిన వరస మాత్రం చెప్పాడు. తర్వాత మూడు రోజుల ప్రయాణం. ఆ మూడు రోజుల్లో ఎవరేం మాట్లాడుకున్నారో ఒక్క ముక్క లేదు. కొండ దగ్గర కట్టెలు కొడుకు మీద పెట్టి, నిప్పూ కత్తీ తను పట్టుకుంటాడు. కోసేదీ కాల్చేదీ పిల్లవాడికి ఇవ్వలేదు. కొడుకు అడుగుతాడు: నిప్పూ కట్టెలూ ఉన్నాయి, గొర్రెపిల్ల ఏది? కత్తి మాట ఎత్తడు. చూడలేదా, చూసి అనలేకపోయాడా? చెప్పరు. తండ్రి జవాబు, "దేవుడే దహనబలికి గొఱ్ఱెపిల్లను చూచుకొనును". హీబ్రూలో "నా కుమారుడా" అన్నది ఈ వాక్యం చివర ఉంటుంది. దాన్ని పిలుపుగానూ తీసుకోవచ్చు, గొర్రెపిల్ల ఎవరన్న దానికి జవాబుగానూ తీసుకోవచ్చు. తెలుగులో సంబోధన ముందుకు రావడంతో ఆ రెండో అర్థం మూసుకుపోయింది. "వారిద్దరు కూడి" వెళ్ళారన్న మాట ఈ ప్రశ్నకు ముందు ఒకసారి, జవాబు తర్వాత ఒకసారి వస్తుంది. మాట అదే. మొదటిసారి ఒకరికే తెలుసు. రెండోసారికి ఇద్దరికీ తెలిసిపోయిందేమో.

ఈ మౌనం గురించి ఏరిక్ ఔయర్‌బాఖ్ అనే జర్మన్ యూదు పండితుడు రాసినది తప్పక చదవండి. నాజీల కాలంలో మార్బుర్గ్ యూనివర్సిటీ ఉద్యోగం పోయి ఇస్తాంబుల్ చేరి, యుద్ధం రోజుల్లో అక్కడ కూర్చుని రాసిన "మిమేసిస్" 1946లో వచ్చింది. అందులో మొదటి వ్యాసంలో గ్రీకు కవి హోమర్ కథ చెప్పే తీరునూ ఈ అధ్యాయాన్నీ పక్కపక్కన పెట్టాడు. హోమర్‌లో అంతా వెలుతురులో కనబడుతుంది, ఇక్కడ అంతా వెనక చీకట్లో ఉంటుంది.

మనకు హోమర్ దాకా పోనక్కర్లేదు. శ్రీనాథుడి హరవిలాసంలో చిరుతొండనంబి కథ తీసి ఈ అధ్యాయం పక్కన పెట్టుకోండి. మారువేషంలో వచ్చిన శివుడు నరమాంసం కావాలంటే, కన్నకొడుకు సిరియాళుణ్ణే వండి వడ్డించిన కథ. అదీ దేవుడి పరీక్షే, అక్కడా చివరికి బిడ్డ దక్కుతాడు. కానీ అక్కడ తల్లి ఉంది. మాటలున్నాయి, పద్యాలున్నాయి, వంట ఉంది, వడ్డన ఉంది. ఆదికాండంలో అబ్రాహాము భార్య శారా ఆ అధ్యాయం మొత్తంలో కనబడదు. భర్త తెల్లవారుజామున కొడుకును తీసుకుపోతుంటే ఆమె లేచిందా, అడిగిందా, ఏమీ లేదు. ఏది గొప్ప అని పోటీ పెట్టకండి. కానీ రెండూ ఒకే రోజు చదివితే, కథ చెప్పడానికి ఉన్న రెండు దారులు కళ్ళకు కడతాయి. నా విద్యార్థుల్లో ఈ పోలిక అర్థం కానివాళ్ళు ఎవరూ లేరు.

ఇక 19వ వచనం. బలి ఆగిపోయింది, పొట్టేలు దొరికింది. అబ్రాహాము పనివాళ్ళ దగ్గరకు తిరిగి వచ్చాడు, లేచి బెయేర్షెబాకు వెళ్ళారు. ఇస్సాకు పేరు లేదు. కొండ ఎక్కిన ఇద్దరిలో దిగినట్టు చెప్పింది ఒక్కణ్ణే. పాస్టరు గారి పెన్సిల్ ప్రశ్నార్థకం సరిగ్గా ఈ వచనం పక్కనే ఉంది. యూదు వ్యాఖ్యాతలు కూడా దీని దగ్గర తచ్చాడారు. పన్నెండో శతాబ్దపు ఇబ్న్ ఎజ్రా, కొడుకు తండ్రి చేతికింద ఉన్నవాడు కాబట్టి వేరే చెప్పలేదని సర్దుతాడు. అబ్రాహాము అతణ్ణి చంపేశాడనేవాళ్ళను ఖండిస్తాడు కూడా. అంటే అలా అనేవాళ్ళూ ఉన్నారన్నమాట. తర్వాతి అధ్యాయం శారా మరణంతో మొదలవుతుంది. కొడుకును బలికి తీసుకుపోయారన్న కబురు వినే ఆమె ప్రాణం పోయిందని రాషి ఆ రెంటినీ ముడివేస్తాడు. మూలంలో లేని తల్లిని వ్యాఖ్యానం అలా వెతికి పట్టుకుంది.

1843లో డేనిష్ తత్వవేత్త కియర్కెగార్ ఈ మూడు రోజుల దారిని "భయమూ కంపమూ" అనే పుస్తకం మొదట్లోనే నాలుగు రకాలుగా తిరిగి చెప్పాడు. ఒక దాంట్లో అబ్రాహాము కావాలనే రాక్షసుడిలా మొహం పెడతాడు, కొడుకు చచ్చేముందు దేవుడి మీద కాక తండ్రి మీదే నమ్మకం పోగొట్టుకోవాలని. ఇంకోదాంట్లో ఇద్దరూ క్షేమంగా తిరిగొస్తారు, కానీ తండ్రి పిడికిలి బిగుసుకోవడం కొడుకు చూశాడు, అప్పటినుంచి వాడికి విశ్వాసం లేదు. నాలుగూ కలిపి కొన్ని పేజీలే. తత్వశాస్త్రం అని భయపడకుండా ఆ కాస్త చదవండి. అక్కడికి ఒక అధ్యాయాన్ని మీరు మూలం, అనువాదం, వ్యాఖ్యానం, కల్పన అన్నిట్లోనూ చూసినట్టు అవుతుంది. నాకు తెలిసి దీనికి ఒక వారం సాయంత్రాలు సరిపోతాయి.

అనువాదాల గురించి విడిగా అడిగారు. తెలుగులో సువార్తలను అచ్చుకు తెచ్చే పని విశాఖపట్నంలో మొదలైంది. 1805లో అక్కడికి వచ్చిన లండన్ మిషన్ వాళ్ళు డెస్ గ్రాంజెస్, క్రాన్, వాళ్ళకు తోడుగా ఆనందరాయర్ అనే పండితుడు. వాళ్ళ సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. అప్పటికే ఆ ఇద్దరు మిషనరీలూ చనిపోయారు. అక్కణ్ణుంచి ఎన్నో చేతులు మారి, సవరణలు జరిగి, ఇవాళ మనం చదివే గ్రాంథిక పాఠం స్థిరపడింది. నా సలహా, దాన్ని వదలకండి. "ఆదియందు దేవుడు భూమ్యాకాశములను సృజించెను" అన్న వాక్యం ఊపిరి వేరు. అర్థం తెలియని చోట పక్కన వాడుక భాష అనువాదం పెట్టుకోండి. కథోలిక అనువాదం దొరికితే ఇంకా మంచిది. తోబీతు, యూదితు కథలు అందులోనే ఉంటాయి, సాహిత్యంగా అవి వదులుకోకూడనివి.

ఇంగ్లిష్‌లో రెండు చాలు. 1611 నాటి కింగ్ జేమ్స్ పాఠం, ఎందుకంటే మీకు నవలల్లో తగిలేది దాని భాషే. ఆ భాషలో చాలా భాగం అంతకు ముందు 1526లోనే కొత్త నిబంధన అచ్చు వేసిన విలియం టిండేల్‌ది. మతవిరోధి అన్న నేరం మోపి 1536లో ఆయన్ను చంపేశారు. రెండోది రాబర్ట్ ఆల్టర్ ఒక్కడే చేసిన హీబ్రూ బైబిల్ అనువాదం, 2018లో మూడు సంపుటాలుగా పూర్తయింది. ఒకే మాట మూలంలో మళ్ళీ వస్తే ఇంగ్లిష్‌లోనూ మళ్ళీ రావాలన్నది ఆయన పట్టుదల. కింద ఆయన నోట్సే మీకు మొదటి వ్యాఖ్యానం.

అనువాదాలు విడిపోయిన చోట పెన్సిల్ పెట్టండి. 23వ కీర్తనలో ఇంగ్లిష్ వాళ్ళకు "మరణపు నీడ లోయ" ఉంటుంది, మనకు "గాఢాంధకారపు లోయ". హీబ్రూ మాట సల్మావెత్. దాన్ని విడదీస్తే నీడ, మరణం. ఇంకోలా పలికితే చిమ్మచీకటి. పండితులు ఇప్పటికీ తేల్చుకోలేదు, తెలుగువాళ్ళు ఎప్పుడో చీకటి వైపు మొగ్గారు. అదే కీర్తనలో మరోటి చూడండి. మొదట "ఆయన నన్ను పరుండజేయుచున్నాడు" అని దేవుడి గురించి మనకు చెబుతున్న మనిషి, ఆ లోయలో అడుగుపెట్టగానే "నీవు నాకు తోడై యుందువు" అని నేరుగా దేవుడితోనే మాట్లాడతాడు. "ఆయన" నుంచి "నీవు"కు. భయం వేసినప్పుడు దగ్గరవాళ్ళను పిలిచినట్టు. ఇది తెలుగులో ఎంత స్పష్టంగా వినబడుతుందో!

ప్రసంగి గ్రంథంలో "వ్యర్థము వ్యర్థము సమస్తము వ్యర్థమే" అన్నది మీరు వినే ఉంటారు. మూలంలో మాట హెవెల్. ఊపిరి, ఆవిరి అని. చలికాలం పొద్దున నోట్లోంచి వచ్చి మాయమయ్యేదే అది. "వ్యర్థం" అంటే తీర్పు, "ఆవిరి" అంటే బొమ్మ. ఆ రెంటికీ చాలా దూరం ఉంది. ఇంకో సంగతి, కయీను చంపిన తమ్ముడు హేబెలు పేరు హీబ్రూలో ఈ మాటే. కొద్ది వచనాలు కనబడి మాయమైపోయినవాడికి ఆవిరి అని పేరు.

ఆ కయీను కథలో మరో ఖాళీ ఉంది. కయీను తమ్ముడితో "మాటలాడెను" అని మన పాఠం. హీబ్రూలో "తమ్ముడితో అన్నాడు" అని ఉండి, ఏమన్నాడో లేదు. మరుక్షణం వాళ్ళు పొలంలో ఉంటారు. పాత గ్రీకు అనువాదకులు "పొలానికి పోదాం" అని ఆ ఖాళీ నింపారు. మనవాళ్ళు "మాటలాడెను" అని మెత్తగా దాటేశారు. దానికి ముందు వచనంలో దేవుడు కయీనుతో అన్న మాట, పాపం వాకిట పొంచి ఉంది, "నీవు దానిని ఏలుదువు". ఈ ఒక్క క్రియ మీద అమెరికన్ రచయిత స్టైన్‌బెక్ 1952లో "ఈస్ట్ ఆఫ్ ఈడెన్" అనే పెద్ద నవల నిలబెట్టాడు. అందులో లీ అనే చైనీయుడు, ఏలుదువు అంటే అది వాగ్దానమా, ఏలు అంటే ఆజ్ఞా అని అనువాదాల మధ్య నలిగి, చివరికి హీబ్రూలో చూసి "ఏలవచ్చు" అని తేల్చుకుంటాడు. ఎంపిక మనిషిదే అని. నవలలో ఆ మాట తిమ్‌షెల్ అని ఉంటుంది, సరైన హీబ్రూ తిమ్‌షోల్. ఆ పొరపాటు నవల బలాన్ని తగ్గించలేదు. మన "ఏలుదువు" తెలుగులో జరగబోయేదీ చెబుతుంది, జరగగలిగేదీ చెబుతుంది. పాత తెలుగు క్రియకున్న ఆ వెసులుబాటు ఇక్కడ ఎంత అక్కరకొచ్చిందో.

వ్యాఖ్యానాల విషయంలో నా అనుభవం చెప్పాలి. మొదట్లో నేను లావుపాటి వ్యాఖ్యానం ఒకటి కొని ఆరు నెలలు దాన్నే చదివాను. ఎవరు ఎప్పుడు రాశారు, ఏ మూలం ఎక్కడ కలిసింది అన్నీ వచ్చాయి. కథ మాత్రం నోట్లోంచి రాలేదు. కాబట్టి మీకంటూ ఒక ప్రశ్న పుట్టేదాకా వ్యాఖ్యానం తెరవకండి. పుట్టాక తెరిస్తే అదే వ్యాఖ్యానం పక్కన కూర్చున్న మనిషిలా మాట్లాడుతుంది. రాషి ఇంగ్లిష్‌లో ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. తెలుగులో ఫాదర్ పూదోట జోజయ్య గారి "బైబులు భాష్య సంపుటావళి" ఉంది. భక్తి దృష్టితో రాసిందే అయినా భాష తేట. చరిత్ర వ్యాఖ్యానాలు కావాలనుకుంటే ముందు మీరే ఒకటి గమనించండి: ఆదికాండం మొదటి అధ్యాయంలో సృష్టికర్త "దేవుడు", రెండో అధ్యాయం నాలుగో వచనం నుంచి "దేవుడైన యెహోవా". పేరు మారింది, సృష్టి వరసా మారింది. వేర్వేరు మూలగ్రంథాలు కలిసి ఇది తయారైందన్న పండితుల వాదన అంతా ఇలాంటి చోట్ల నుంచి మొదలైంది.

నవలలు ఎప్పుడూ తర్వాతే. మూలం చదవకుండా నవల చదివితే రచయిత నింపిన ఖాళీ మీకు కనబడదు. మొదట పేర్ లాగర్‌క్విస్ట్ "బరబ్బ" తీసుకోండి, 1950లో వచ్చింది, రెండు రోజుల్లో అయిపోతుంది. యేసుకు బదులు విడుదలైన దొంగ ఆ తర్వాత ఎలా బతికాడన్నది సువార్తల్లో లేదు. నవలంతా ఆ బతుకే. చివర అతనూ సిలువ మీద చనిపోతూ తన ఆత్మను అప్పగిస్తున్నానంటాడు, ఆ మాట చీకటితో అంటున్నట్టు ఉంటుంది. ఆ తర్వాత స్టైన్‌బెక్. దొస్తోయెవ్‌స్కీ "నేరము శిక్ష"లో సోన్యా, చనిపోయి తిరిగి లేచిన లాజరు కథ చదివి వినిపించే ఘట్టానికి ముందు యోహాను సువార్త 11వ అధ్యాయం చదువుకోండి, ఆ గదిలో కొవ్వొత్తి వెలుగు మారిపోతుంది. దావీదు రాజు కథ, ముఖ్యంగా చనిపోయిన కొడుకు కోసం "నా కుమారుడా అబ్షాలోమా" అన్న ఏడుపు, సమూయేలు రెండో గ్రంథంలో చదివాక గానీ ఫాక్నర్ 1936 నవలకు "అబ్సలోం, అబ్సలోం!" అని పేరు ఎందుకు పెట్టాడో తెలియదు. థామస్ మన్ "యోసేపు, అతని సోదరులు" నాలుగు సంపుటాలు. గొప్పది, కానీ ఇప్పుడే వద్దు. ఏడాది ఆగండి.

తెలుగులో జాషువా "క్రీస్తు చరిత్ర" ఉంది, 1964లో సాహిత్య అకాడెమీ బహుమతి దానికే వచ్చింది. సువార్త కథ పద్యంలోకి వస్తే ఏమవుతుందో అందులో చూడండి. జి. కళ్యాణరావు "అంటరాని వసంతం" మాత్రం మరో రకంగా చదవాలి. అది బైబిల్ కథను తిరిగి చెప్పదు. రూతు, రూబేను, సీమోను లాంటి పేర్లు మన మాలపల్లెలకు ఎలా వచ్చాయో, శివయ్య సీమోను ఎందుకయ్యాడో చెబుతుంది. పాత నిబంధనలో రూతు పరాయి దేశంలో పరిగె ఏరుకున్న విధవ. ఆ నాలుగు అధ్యాయాల కథ చదివి నవలలో రూతు దగ్గరకు వెళ్ళండి. ఒక పేరు ఎంత దూరం నడిచి వచ్చిందో మీరే చూస్తారు.

పని మొదలుపెట్టేటప్పుడు చిన్న సంగతులు రెండు. వచనాల అంకెలు రచయితలు వేసినవి కావు, కొత్త నిబంధనకు ఇప్పటి పద్ధతి 1551లో రాబెర్ ఎస్తియెన్ అనే ముద్రాపకుడితో వచ్చింది. అధ్యాయాలు పదమూడో శతాబ్దంలో వచ్చాయి. వాటి దగ్గర ఊపిరి ఆపకండి, కథ ఆగిన చోట ఆపండి. ఇక లేవీయకాండం గురించి బాధ వద్దు, ఎప్పుడో మీ అంతట మీరే దాని దగ్గరకు వెళ్తారు.

అబ్రాహాము వారం అయ్యాక యోనా గ్రంథం తీయండి. 48 వచనాలు, అరగంట పని. అందులో తిమింగలం లేదు, "గొప్ప మత్స్యము" ఉంది. దేవుడి నుంచి పారిపోతూ యోనా రేవుకు దిగుతాడు, ఓడలోకి దిగుతాడు, ఓడ అడుగుకు దిగుతాడు, చివరికి సముద్రంలో కొండల పాదాల దాకా దిగుతాడు. ఆ "దిగడం" హీబ్రూలో ఒకే క్రియ. మీ అనువాదంలో అది ఎన్నిచోట్ల మిగిలిందో లెక్కపెట్టండి. ఆ పుస్తకం ముగింపు దేవుడు వేసిన ప్రశ్న: కుడి ఎడమలు తెలియని లక్షా ఇరవై వేల మందికి పైగా జనమూ, బోలెడన్ని పశువులూ ఉన్న నీనెవె నగరం కోసం నేను విచారపడకూడదా అని. యోనా ఏం జవాబిచ్చాడో రాయలేదు. ఏమన్నాడని మీకనిపించిందో చదివాక ఇక్కడే రాయండి, మాట్లాడుకుందాం.